నిచ్చెన ఎక్కకుండా ప్రొజెక్టర్ నడపడం

మా కాలేజీలో ప్రొజెక్టర్లు 22. వాటి రిమోట్లలో ఇప్పటికి జాడ తెలిసినవి 9. అందులో సెల్స్ ఉన్నవి ఎన్ని అన్నది ఏ రోజుకారోజు లెక్క, ఎందుకంటే స్టాఫ్ రూంలో గోడ గడియారానికీ అవే సెల్స్ సరిపోతాయి. నేను కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ని. పొద్దున్న తొమ్మిదిన్నరకు నా ఫోన్ మోగిందంటే ఒకటే మాట: "బాబూ, ప్రొజెక్టర్ రావట్లేదు." బెంచీ ఎక్కి చీపురు కర్రతో పవర్ బటన్ పొడిచే లెక్చరర్లను కూడా చూశాను. ఆ కర్ర దెబ్బలకు రెండు ప్రొజెక్టర్ల బటన్లు లోపలికి పోయాయి.

ఇప్పుడు నా కుర్చీలోంచి కదలకుండా వాటిని వేస్తాను, ఆపుతాను, ఏది ఎన్ని గంటలు వెలిగిందో చూస్తాను. కొత్తగా కొన్నది ఏమీ లేదు, నాలుగు నెట్‌వర్క్ కేబుళ్లు లాగించడం తప్ప. ఎలా చేశానో చెబుతాను. ఒక్కటి మాత్రం మొదటే గుర్తు పెట్టుకోండి. బొమ్మ పంపడం వేరు, ప్రొజెక్టర్‌ను వేసి ఆపడం వేరు. రెండింటినీ ఒకే దారిలో పంపాలని చూసినవాళ్లు రెండింటితోనూ అవస్థ పడ్డారు, మొదట్లో నేనూ అంతే. బొమ్మకు వైరు, కంట్రోల్‌కు నెట్‌వర్క్. నా పద్ధతి ఇదీ.

ముందు బొమ్మ సంగతి

హెచ్‌డీఎంఐ కేబుల్ (ల్యాప్‌టాప్ నుంచి బొమ్మ మోసుకెళ్లేది) రెండు వైపులా గట్టిగా కూర్చుందో లేదో చూడండి. ప్రొజెక్టర్ వేసి, సోర్స్ బటన్ నొక్కి, కేబుల్ ఏ సాకెట్లో ఉందో ఆ ఇన్‌పుట్ ఎంచుకోండి. సాకెట్లు రెండు ఉంటే హెచ్‌డీఎంఐ 1, 2 అని పక్కనే రాసి ఉంటుంది. మా దగ్గర వచ్చే "నో సిగ్నల్" ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తీరిపోతాయి.

తర్వాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బొమ్మ ఉన్న కీ, పీ కలిపి నొక్కండి. నాలుగు ఆప్షన్లు వస్తాయి. డూప్లికేట్ పెడితే ల్యాప్‌టాప్‌లో ఉన్నదే తెర మీదా పడుతుంది. క్లాసుకు ఇది చాలు. ఎక్స్‌టెండ్‌లో పడితే తెర రెండో డెస్క్‌టాప్ అయిపోతుంది. సారు ఇక్కడ పవర్‌పాయింట్ తెరిచి "కనిపిస్తోందా?" అంటారు, పిల్లలకు మాత్రం వాల్‌పేపర్‌లో కొండలూ చెరువూ కనిపిస్తుంటాయి. మౌస్ బాణం ల్యాప్‌టాప్ అంచు దాటి తెర మీదికి పోతుంది, ఇక దొరకదు. కంగారు పడి కేబుల్ పీకకండి, మళ్లీ అవే రెండు కీలు నొక్కి డూప్లికేట్‌కు మార్చండి.

డూప్లికేట్‌లో ఒక చిక్కు ఉంది. ల్యాప్‌టాప్ తెర సాధారణంగా 1920×1080 చుక్కలు. మా పాత ప్రొజెక్టర్లు 1024×768, కొంచెం కొత్తవి 1280×800. రెండింటికీ కుదిరే సైజు ఏదో ఒకటి విండోస్ ఎంచుకుంటుంది, అక్షరాలు పాచిపట్టినట్టు కనిపిస్తాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రొజెక్టర్ సొంత సైజు పెట్టండి. ల్యాప్‌టాప్ తెర కాస్త వికారంగా అయినా ఫర్వాలేదు, చూడాల్సింది వెనక బెంచీ వాళ్లు.

శబ్దం కూడా హెచ్‌డీఎంఐ వైరులోనే పోతుంది. కేబుల్ పెట్టగానే పాఠం వీడియో గొంతు సీలింగ్ మీదున్న ప్రొజెక్టర్ బుల్లి స్పీకర్లోంచి దోమలా వినిపిస్తే, టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి మళ్లీ ల్యాప్‌టాప్ స్పీకర్‌నో గది స్పీకర్‌నో ఎంచుకోండి.

వీజీఏ అనే పాత రకం బొమ్మ కేబుళ్లు ఇంకా మా దగ్గర ఏడు గదుల్లో ఉన్నాయి. సముద్రపు గాలికి వాటి పిన్నులు పచ్చగా చిలుం పడతాయి. తెల్లటి స్లైడ్ పసుపుగా పడిందంటే నీలం రంగు మోసే పిన్ను అందడం లేదని అర్థం. గులాబీ, ఊదా మధ్యలో ఏదో రంగులో పడితే ఆకుపచ్చది. కేబుల్ తీసి పిన్నులు చూడండి, ఒకటి వంగి ఉంటుంది, సన్న పట్టకారుతో నెమ్మదిగా నిలబెట్టొచ్చు. 15 పిన్నుల్లో మధ్య వరసలో ఒకటి చాలా కేబుళ్లకు కొన్నప్పటినుంచే ఉండదు. అది విరిగిపోయిందనుకుని మంచి కేబుల్‌ను చెత్తబుట్టలో పడేసిన ఘనత నాది.

కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో టైప్-సీ తప్ప మరో సాకెట్ ఉండటం లేదు. టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ కొనే ముందు ఆ సాకెట్ బొమ్మ ఇస్తుందో లేదో కనుక్కోండి. అన్ని టైప్-సీలూ ఇవ్వవు, కొన్ని ఛార్జింగుకూ పెన్‌డ్రైవ్‌కూ మాత్రమే. అలాగే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ తిరగేసి వాడితే పనిచేయదు. వీజీఏ ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ ప్రొజెక్టర్‌కు కలపాలంటే వేరే కన్వర్టర్ కావాలి.

పొడుగు కేబుల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, నా చేతులు కాలింది అక్కడే. మా సెమినార్ హాల్లో టేబుల్ నుంచి ప్రొజెక్టర్ దాకా పైపుల్లోంచి పోతే 20 మీటర్లు. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ అంత దూరం పెడితే తెర మీద చుక్కలు మెరవడం, నిమిషానికోసారి నల్లగా అయిపోవడం. అందుకని లోపల ఫైబర్ ఉన్న యాక్టివ్ కేబుల్ తెప్పించాం. దానికి ఒక దిక్కు ఉంటుందని నాకు తెలీదు. ఒక కొస మీద సోర్స్ అని, రెండో కొస మీద డిస్‌ప్లే అని చీమ తలకాయంత అక్షరాలతో రాసి ఉంది. ఎలక్ట్రీషియన్, నేను కలిసి మధ్యాహ్నమంతా పైపులోంచి స్ప్రింగ్ తీగతో లాగాం. చెమటలు కక్కి, పైపు మూతలు బిగించి, ప్రొజెక్టర్ వేస్తే నో సిగ్నల్. కేబుల్ పాడైందని షాపుకు ఫోన్ చేస్తే అవతలి కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న "సార్, సోర్స్ వైపు ఏది పెట్టారు?" మర్నాడు మళ్లీ అంతా పీకి తిరగేసి లాగాం. అందుకే చెబుతున్నాను, పొడుగు కేబుల్ ఏదైనా సరే, పైపులో దూర్చే ముందు నేల మీద పరిచి రెండు కొసలూ తగిలించి బొమ్మ చూసుకోండి.

వైర్‌లెస్ గురించి పెద్దగా చెప్పను. విండోస్ కీ, కే కలిపి నొక్కితే దగ్గర్లో ఉన్న వైర్‌లెస్ తెరలు కనిపిస్తాయి, ప్రొజెక్టర్‌కు ఆ సదుపాయం ఉంటే కలుస్తుంది. ఒక స్లైడ్ చూపించి వెళ్లిపోయే అతిథికి బాగానే ఉంటుంది. అరవై ఫోన్లు వైఫై పట్టుకున్న గదిలో వీడియో పాఠానికి నేను నమ్మను.

ఇక నెట్‌వర్క్

ప్రొజెక్టర్ వెనక లాన్ అని రాసిన సాకెట్ ఉందో లేదో చూడండి. ఉంటే మామూలు నెట్‌వర్క్ కేబుల్‌తో దగ్గర్లోని నెట్‌వర్క్ స్విచ్‌కు (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) కలపండి, స్విచ్ నుంచి 100 మీటర్ల లోపు ఉండాలి. కొన్ని ప్రొజెక్టర్లకు పక్కనే అచ్చం అలాంటిదే హెచ్‌డీబేస్‌టీ అనే సాకెట్ ఉంటుంది. అది ప్రధానంగా బొమ్మ కోసం, దాని రెండో కొసకు దాని ట్రాన్స్‌మిటర్ పెట్టె కావాలి. దాన్ని నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించకండి.

ప్రొజెక్టర్ మెనూలో నెట్‌వర్క్ అనే పేజీ ఉంటుంది. దీనికోసం ఒక్కసారి రిమోట్ కావాలి, గోడ గడియారం దగ్గర సెల్స్ అప్పు తీసుకోండి. అక్కడ డీహెచ్‌సీపీ (అడ్రస్ దానంతటదే తీసుకునే పద్ధతి) ఆపేసి ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని చిరునామా, మనమే ఇవ్వడం మేలు. లేకపోతే ఈ రోజు ఒక అడ్రస్, కరెంటు పోయి వచ్చాక ఇంకో అడ్రస్. మా పద్ధతిలో గది నంబరుకూ అడ్రస్‌కూ పొంతన ఉంటుంది: 107కి 192.168.10.107, 207కి 192.168.10.207. మెనూలో సబ్‌నెట్ మాస్క్ అని ఉన్న చోట 255.255.255.0. మీ రౌటర్ తనంతట తాను పంచే అడ్రస్‌ల వరసలో ఇవి పడకుండా చూసుకోండి.

ఈ పొంతన చూసుకుని మురిసిపోతుండగా 207 ఎదురు తిరిగింది. పొద్దున్న పింగ్ చేస్తే (నెట్‌వర్క్‌లో ఉన్నావా అని అడిగితే) జవాబు వస్తుంది, ప్రొజెక్టర్ వెయ్యమంటే నోరు మెదపదు. పదిన్నర దాటాక మాత్రం చెప్పిందల్లా వింటుంది. మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చివరికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఏ-ఆర్-పీ, ఖాళీ, మైనస్ ఏ అని కొట్టి చూస్తే ఆ అడ్రస్ ఎదురుగా ఉన్న మాక్ నంబరు (ప్రతి పరికరానికీ కంపెనీ ఇచ్చే సొంత నంబరు) ప్రొజెక్టర్ స్టిక్కర్ మీద ఉన్నది కాదు. వెతగ్గా వెతగ్గా వరండాలో వేలిముద్రల హాజరు మిషను తేలింది. దానికీ అదే అడ్రస్ ఎవరో ఎప్పుడో పెట్టారు. స్టాఫ్ అందరూ వేలు పెట్టడం అయ్యాక అటెండర్ దాన్ని ఆపేసేవాడు, అప్పటినుంచి నా ప్రొజెక్టర్‌కు మాట వచ్చేది.

అన్నిటికంటే ముఖ్యమైన సెట్టింగ్ ఒకటి చాలామంది వదిలేస్తారు. స్టాండ్‌బై మోడ్ అని ఉంటుంది. కొన్నిటిలో ఎకో, నార్మల్ అని, కొన్నిటిలో కమ్యూనికేషన్ ఆఫ్, ఆన్ అని ఉంటుంది. కరెంటు ఆదా అవుతుందని ఎకోలో ఉంచితే ప్రొజెక్టర్ ఆగిపోగానే దాని నెట్‌వర్క్ కార్డూ నిద్రపోతుంది. అప్పుడు ఆపడం వస్తుంది గానీ మళ్లీ వేయడం రాదు. కమ్యూనికేషన్ ఆన్ పెట్టండి. అలాగే సాయంత్రం గది తాళం వేస్తూ ఎంసీబీ (గదికి కరెంటు ఇచ్చే మెయిన్ స్విచ్) దించేసే అలవాటు ఉంటే ఈ వ్యవస్థ అంతా వృథా. ఎంసీబీ దించిన ప్రొజెక్టర్‌ను దేవుడు కూడా నెట్‌వర్క్‌లోంచి వేయలేడు. మా అటెండర్‌కు ఈ విషయం ఒప్పించడానికి కేబుల్ లాగిన దానికన్నా ఎక్కువ రోజులు పట్టింది.

చాలా ప్రొజెక్టర్లకు సొంత వెబ్ పేజీ ఉంటుంది. బ్రౌజర్‌లో ఐపీ అడ్రస్ కొడితే పవర్, సోర్స్ బటన్లు కనిపిస్తాయి. ఒకటి రెండు ప్రొజెక్టర్లు ఉన్నవాళ్లకు ఇంతకుమించి అక్కర్లేదు, ఇక్కడితో ఆగిపోవచ్చు. పాస్‌వర్డ్ మాత్రం అదే రోజు మార్చండి. కంపెనీ పెట్టి పంపే పాస్‌వర్డ్ గైడు పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం ఎవరికైనా దొరుకుతుంది. సెకండియర్ కుర్రాళ్లు ఫోన్లోంచే పక్క క్లాసు ప్రొజెక్టర్ ఆపేసి నవ్వుకున్న రోజు నాకు ఈ పాఠం వచ్చింది. వీలైతే ప్రొజెక్టర్లను పిల్లల వైఫై అందుకోలేని వేరే వీలాన్‌లో (అదే వైర్ల మీద విడిగా కట్టిన నెట్‌వర్క్) పెట్టించండి.

ఇరవై రెండింటికీ ఒకే భాష

మా దగ్గర నాలుగు కంపెనీల ప్రొజెక్టర్లు ఉన్నాయి. ఒక్కో దానికి ఒక్కో వెబ్ పేజీ తెరవడం నావల్ల కాదు. దానికి మందు పీజేలింక్. జపాన్‌లో తయారీదారుల సంఘం ఒకటి తెచ్చిన ఉమ్మడి పద్ధతి ఇది. ఎప్సన్, పానసోనిక్, ఎన్‌ఈసీ లాంటివాళ్ల నెట్‌వర్క్ ప్రొజెక్టర్లు చాలావరకు దీన్ని అర్థం చేసుకుంటాయి. మెనూలో పీజేలింక్ ఆన్ చేసి ఒక పాస్‌వర్డ్ పెట్టాలి. ప్రొజెక్టర్ 4352 అనే టీసీపీ పోర్టు (నెట్‌వర్క్‌లో తలుపు నంబరు లాంటిది) మీద వింటుంది.

ముందు కంప్యూటర్లో పుట్టీ (PuTTY) అనే ప్రోగ్రామ్‌లో ఆ ఐపీ, పోర్టు 4352 ఇచ్చి, కనెక్షన్ రకం "రా" (Raw) అని పెట్టి తెరవండి. ప్రొజెక్టర్ తనే ముందు పలకరిస్తుంది: పీజేలింక్ అని, పక్కన 0 లేదా 1. సున్నా అయితే పాస్‌వర్డ్ లేదు. ఒకటి అయితే దాని వెనక ఎనిమిది అక్షరాల వరస ఒకటి ఇస్తుంది, అది ప్రతిసారీ మారుతుంది. ఆ ఎనిమిదికీ మీ పాస్‌వర్డ్ తగిలించి, మొత్తానికి ఎండీ5 అనే సంకేత లెక్క కట్టి, వచ్చిన 32 అక్షరాలను కమాండ్ ముందు పెట్టి పంపాలి. చేత్తో చేసే పని కాదు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రెండు లైన్లు. పలకరింపు కనిపించిందంటే దారి బాగుందని, ఇక మిగిలింది ప్రోగ్రామే.

కమాండ్లు నేను ఫోన్లో చెప్పే పద్ధతిలోనే రాస్తాను, ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కొట్టుకోండి. ప్రతిదీ %1తో మొదలవుతుంది, వెంటనే నాలుగు అక్షరాలు, ఒక ఖాళీ, తర్వాత విలువ. చివర క్యారేజ్ రిటర్న్ (లైను ముగిసిందని చెప్పే గుర్తు) ఒక్కటే. వేయడానికి %1 పీ-ఓ-డబ్ల్యూ-ఆర్, ఖాళీ, 1. (%1కీ పీకీ మధ్య ఖాళీ ఉండదు, ఇక్కడ చదవడానికి విడదీశాను.) ఆపడానికి చివర 0. ఎలా ఉందో అడగడానికి చివర ప్రశ్నార్థకం. జవాబుగా 0 వస్తే ఆగి ఉంది, 1 వెలుగుతోంది, 2 చల్లబడుతోంది, 3 వేడెక్కుతోంది. ఈ 2, 3 దశల్లో మీరు ఏ పని చెప్పినా సాధారణంగా ఈఆర్‌ఆర్3 అంటుంది. పాడైందనుకోకండి, ఇప్పుడు కుదరదు అంటోంది అంతే. నా ప్రోగ్రామ్ ఐదు సెకన్లకోసారి అడిగి, 1 వచ్చాకే ఇన్‌పుట్ మారుస్తుంది. ఇన్‌పుట్‌కు ఐ-ఎన్-పీ-టీ, విలువ 31 అంటే మొదటి డిజిటల్ ఇన్‌పుట్, మా వాటిలో అది హెచ్‌డీఎంఐ 1. వీజీఏకి 11. మీ ప్రొజెక్టర్‌లో ఏ నంబర్లున్నాయో ఐ-ఎన్-ఎస్-టీ, ప్రశ్నార్థకం అని అడిగితే వరస చెబుతుంది.

లెక్చరర్లకు బాగా నచ్చింది ఏ-వీ-ఎం-టీ. 31 పంపితే బొమ్మా శబ్దమూ రెండూ ఆగుతాయి, ల్యాంపు వెలుగుతూనే ఉంటుంది. 30 పంపితే తిరిగొస్తాయి. బోర్డు మీద రాసే పది నిమిషాలకు ప్రొజెక్టర్ ఆపి మళ్లీ వేసే పని తప్పింది.

నాకు నచ్చింది మాత్రం ఈ-ఆర్-ఎస్-టీ. ప్రశ్నార్థకం పెట్టి అడిగితే ఆరు అంకెలు ఇస్తుంది: వరసగా ఫ్యాను, ల్యాంపు, వేడి, మూత, ఫిల్టర్, ఇతరం. 0 అంటే బాగుంది, 1 హెచ్చరిక, 2 లోపం. ఐదో స్థానంలో 1 కనిపించిందంటే ఆ గదికి బ్రష్షు, బ్లోయరు పట్టుకుని పోతాను. సుద్దముక్కల పొడి ఉన్న గదుల్లో ఇది ముందే తెలియడం ల్యాంపును కాపాడుతుంది. ఎల్-ఏ-ఎం-పీ అడిగితే ల్యాంపు ఎన్ని గంటలు వెలిగిందో చెబుతుంది. నెలకోసారి ఆ అంకెలన్నీ ఒక షీట్లోకి దించుతాను. బడ్జెట్ మీటింగ్‌లో "ల్యాంపు మార్చాలండీ" అంటే వినరు, గంటల లెక్క ముందు పెడితే సంతకం పెడతారు.

ప్రోగ్రామ్ చిన్నదే. ప్రొజెక్టర్‌తో కనెక్షన్ తెరవడం, పలకరింపు చదవడం, కమాండ్ పంపడం, జవాబు చదవడం, మూసేయడం. మూసేయడం మరిచిపోవద్దు, ఖాళీగా పట్టుకుని కూర్చుంటే 30 సెకన్లకు ప్రొజెక్టరే లైను కట్ చేస్తుంది, ఆ లోపు ఇంకొకరు కలుద్దామంటే కుదరకపోవచ్చు. జవాబు కోసం ఐదు సెకన్లకు మించి ఆగకుండా టైమ్‌అవుట్ పెట్టండి, లేకపోతే ఆగిపోయిన ఒక్క ప్రొజెక్టర్ దగ్గర మొత్తం వరస నిలిచిపోతుంది. దీన్ని విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టి సాయంత్రం 5:30కి అన్నీ ఆపేలా చేశాను.

అలా చేసిన రెండో వారం సెమినార్ హాల్లో ఒక సీనియర్ మేడమ్ రిటైర్మెంట్ సభ. ఆవిడ ముప్పై ఏళ్ల ఫొటోలు తెర మీద వస్తున్నాయి, అందరి కళ్లలో నీళ్లు. 5:30 అయింది. తెర నల్లబడింది. చల్లబడే దశలో ఉంది కాబట్టి వెంటనే మళ్లీ వేయడానికీ లేదు. హాలంతా నా వైపు చూసింది. ఇప్పుడు ప్రోగ్రామ్ ఆపే ముందు ఒక ఫైలు చదువుతుంది, అందులో ఆ రోజు వదిలేయాల్సిన గదుల నంబర్లు ఉంటాయి. సెమినార్ హాల్ అందులో శాశ్వత సభ్యురాలు.

లాన్ సాకెట్ లేని పాతవాటికి

తొమ్మిది పిన్నుల సీరియల్ సాకెట్ ఉంటే దారి ఉంది. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్ ఒకటి కొని ఆ గది కంప్యూటర్‌కు తగిలించండి, డివైస్ మేనేజర్‌లో కామ్ పోర్టు నంబరు చూసుకోండి. మా ఎప్సన్‌లకు వేగం 9600, 8 డేటా బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్. కమాండ్ పీ-డబ్ల్యూ-ఆర్, ఖాళీ, ఓ-ఎన్. అర్థమైతే రెండు చుక్కల గుర్తుతో జవాబిస్తుంది. వేరే కంపెనీలకు కమాండ్లు వేరు, గైడు పుస్తకం వెనక పేజీల్లో ఉంటాయి. ఏ జవాబూ రాకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి. కొన్నిటికి లోపల వైర్లు అడ్డంగా మారిన క్రాస్ కేబుల్ కావాలి, కొన్నిటికి తిన్నగా ఉన్నది.

కరెంటు పోయినప్పుడు సంగతి వేరు. ల్యాంపు ప్రొజెక్టర్‌కు కరెంటు హఠాత్తుగా పోతే ఫ్యాను ఆగిపోతుంది, లోపలి వేడి బయటికి పోదు. కరెంటు రాగానే ఆత్రంగా వేయకండి, కాసేపు ఆగండి. మెనూలో డైరెక్ట్ పవర్ ఆన్ అనేది ఉంటే, కరెంటు వచ్చి పోయే ఊళ్లలో దాన్ని ఆఫ్‌లో ఉంచడమే మంచిది. లేదంటే ఆదివారం కరెంటు వచ్చిన ప్రతిసారీ ఖాళీ గదుల్లో 22 ల్యాంపులు వాటంతటవే వెలుగుతాయి.

చివరి పని ఒకటుంది. ఐపీ అడ్రస్, ఇన్‌పుట్ నంబరు ఒక స్టిక్కర్ మీద రాసి పెట్టండి. ప్రొజెక్టర్‌కు అతికించొద్దు, వేడికి ఊడి ఫిల్టర్ ముందు పడుతుంది. గది స్విచ్ బోర్డు పక్కన, లెక్చరర్ కంటికి ఆనే ఎత్తులో అతికించండి. దాని మీద నా ఫోన్ నంబరు కూడా రాశాను, తప్పదు.